టార్చి వెలుగులో కలివికోడి: ఒక డిజిటల్ బొమ్మ వెనక కథ

నేను పన్నెండేళ్ళుగా డిజిటల్ ఇలస్ట్రేషన్ చేస్తున్నాను. ఎక్కువగా పిల్లల పుస్తకాలు, అప్పుడప్పుడు పర్యావరణ సంస్థల పోస్టర్లు. ఈ అనుభవం రాయడానికి కారణం ఒకటే. ఇందులో నేను వేసిన మొదటి బొమ్మను మెచ్చుకున్నంతగా నా బొమ్మ దేన్నీ జనం మెచ్చుకోలేదు. అసలు పనికి ఎందుకూ పనికిరానిదీ అదే. సంస్థ పేరు, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు తీసేశాను. పిట్ట ఉండే చోటికి దారి చూపే వివరాలు కూడా కావాలనే వదిలేశాను.

నేపథ్యం

కలివికోడి పేరు కడప జిల్లా వాళ్ళు కాకపోయినా చాలామంది వినే ఉంటారు. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. 1848లో శాస్త్రవేత్తల లెక్కల్లోకి ఎక్కింది. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా బొమ్మ చూపిస్తూ వెతికితే, చివరికి పట్టి చూపించింది పిట్టల వేట తెలిసిన స్థానికుడు. పట్టిన పిట్ట కొద్దికాలానికే చనిపోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పనుంది. 1988లో అదే జిల్లాలో ఈ పిట్ట కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, అదే ఏడు తపాలా శాఖ ఈ పిట్ట బొమ్మతో రూపాయి తపాలా బిళ్ళ వేసింది.

ఇంత పేరున్నా దాని ఫొటోలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. పూర్తిగా రాత్రి పిట్ట. పగలంతా ముళ్ళ పొదల కింద కదలకుండా ఉంటుంది. కొలిస్తే 27 సెంటీమీటర్లు, అంటే తీతువు కంటే చిన్నది. శాస్త్రీయ నామంలో 'బైటార్క్వేటస్' అనే మాట ఉంది, రెండు కంటెలు ఉన్నది అని అర్థం. నన్నడిగితే ఈ పిట్టకు ఇంతకంటే మంచి వర్ణన లేదు. గొంతు కింద ఇటుక రంగు మచ్చ, దాని కింద తెల్ల పట్టీ, తర్వాత గోధుమ రంగు ఛాతీ, మళ్ళీ సన్నటి తెల్ల పట్టీ. ముదురు నడినెత్తి మీద పాపిడి తీసినట్టు సన్నటి తెల్ల గీత, కంటిపైన వెడల్పాటి లేత కనుబొమ్మ. పసుపు మొదలు, నల్ల కొన ఉన్న పొట్టి ముక్కు.

వచ్చిన పని

ఒక చిన్న సంస్థ అడిగింది: కొండ కింది ఊళ్ళలో, మేకలు, గొర్రెలు తోలుకెళ్ళేవాళ్ళకు చూపించడానికి ఒక పోస్టర్ కావాలి. ఏ2 సైజు. స్కూల్లో, పంచాయతీ ఆఫీసులో, టీ అంగట్లో అతికిస్తారు. చూసినవాళ్ళు 'ఇది నేను చూశాను' అనో 'చూడలేదు' అనో చెప్పగలగాలి. అంతే పని.

'అంతే' అని నేనూ అనుకున్నాను. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకే నా బుర్రలో పౌర్ణమి చంద్రుడు, నీలం కొండలు, పొద పక్కన ఒంటరి పిట్ట, అన్నీ కూర్చున్నాయి. పనిని నేను తప్పుగా అర్థం చేసుకున్నది అక్కడే. వాళ్ళు అడిగింది గుర్తుపట్టే బొమ్మ. నేను మొదలుపెట్టింది మెప్పించే బొమ్మ.

రిఫరెన్సులతో తిప్పలు

ఉన్న కొద్ది ఫొటోలూ ఫ్లాష్‌తోనో గట్టి లైటుతోనో తీసినవి. ఫ్లాష్ నేరుగా తగిలితే తెల్లవి మరీ తెల్లబడతాయి, గోధుమ రంగు పాలిపోతుంది, కంట్లో మెరుపు వచ్చి కన్ను అసలు రంగేమిటో తెలియదు. మ్యూజియం నమూనాలను చూసి వేసిన పాత చిత్రాల్లో ఈకల రంగులు నమ్మొచ్చు కానీ కాళ్ళు, ముక్కు, కళ్ళ రంగులు నమ్మకూడదు. ఎండిన చర్మంలో అవి మిగలవు, చిత్రకారుడు ఊహించి పూరిస్తాడు. అందుకని మొదటి రోజే ఒక పట్టిక రాసుకున్నాను: ఏది ఫొటోలో చూశాను, ఏది వర్ణనలో చదివాను, ఏది నేను ఊహిస్తున్నాను. ఊహ అనిపించిన ప్రతి భాగానికీ ఫైల్లో వేరే లేయర్ (బొమ్మ మీద విడిగా పరిచే పొర) పెట్టి, పేరు చివర 'అనుమానం' అని తగిలించాను. కాళ్ళు అనుమానం. కన్ను అనుమానం. ఈ పనిలో నేను మొదటిసారే సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

ఏఐ టూల్‌తో కూడా ఒకసారి ప్రయత్నించాను, దాచడం ఎందుకు. నలభై బొమ్మలు తీయించి ఉంటాను. చాలావాటిలో వచ్చింది పగలు పొలాల్లో తిరిగే ఇండియన్ కోర్సర్ పోలిక: ఎర్రటి నెత్తి, పొడుగు కాళ్ళు. దాని ఫొటోలు నెట్‌లో కొల్లలు, దీనివి లేవు. యంత్రం ఉన్నదాంతోనే కదా సర్దుకుంటుంది. కొన్నింట్లో పాదం వెనక ఒక వేలు కూడా మొలిచింది. కోర్సర్లకు వెనక వేలు ఉండదు, మూడూ ముందుకే. మామూలు బొమ్మలో ఎవరూ పట్టించుకోని తప్పే. కానీ ఈ పిట్టను వెతికేవాళ్ళు మెత్తటి మట్టి పరిచి, మర్నాడు పొద్దున పాదముద్రలు చూసిన రోజులున్నాయి. ఒక్క వేలు ఎక్కువైతే అది వేరే పిట్టే. ఆ నలభై బొమ్మలనూ డిలీట్ చేశాను. పక్కన తెరిచి ఉంచితే నా చెయ్యి తెలియకుండానే అటు లాగుతుందని భయం.

మొదటి బొమ్మ: అందరికీ నచ్చింది

4961 బై 7016 పిక్సెళ్ళ కాన్వాస్, అరవై పైచిలుకు లేయర్లు, మూడు వారాలు. నీలం రాత్రి, వెన్నెల, వెనక కొండల వరస. పిట్ట ఈకలు ఒక్కొక్కటీ గీశాను. చివర్లో బొమ్మంతటి మీదా వెన్నెల కోసం ఒక నీలం లేయర్ మల్టిప్లైలో, అంటే కింది రంగులతో కలిసి వాటిని ముదురు చేసే పద్ధతిలో, వేశాను. సంస్థ ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుంది.

నాలుగు కాపీలు దగ్గర్లోని టౌన్లో ఫ్లెక్స్ మీద వేయించి ఊళ్ళోకి తీసుకెళ్ళాం. రచ్చబండ దగ్గర చుట్ట విప్పి పట్టుకుంటే నాకే గుండె జారింది. స్క్రీన్ మీద పద్దెనిమిది రకాలుగా కనిపించిన చీకటి, ఫ్లెక్స్ మీద ఒకే నల్ల ముద్ద. అందులో ఒక బూడిద రంగు ఉబ్బు. పిల్లలు 'గువ్వ' అన్నారు. నలభై ఏళ్ళుగా ఆ అడవి అంచున మేకలు మేపిన ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, కళ్ళు చికిలించి చూసి, 'తీతువు పిల్ల మాదిరుండాది' అన్నాడు.

'కలివికోడి పెద్దాయనా' అన్నాను.

'కలివికోడి ఇట్టుండదు నాయనా.'

ఆ మాటకు కోపం రాలేదంటే అబద్ధం. రాత్రి లాడ్జిలో కూర్చుని ఎందుకు తప్పిందో రాసుకున్నాను. ప్రింటు సంగతి తేలికే: నేను వాడిన చీకటి ఛాయల్లో సగం ఆ మెషిన్ విడదీయలేనివి. అసలు తప్పు నీలం లేయర్‌ది. ఇటుక రంగు మీద నీలం మల్టిప్లై చేస్తే మిగిలేది మసి. అంటే పిట్టను గుర్తుపట్టడానికి ఉన్న ఒకే ఒక్క వెచ్చటి రంగు గుర్తును నా చేత్తో నేనే చెరిపేశాను. నిజానికి వెన్నెల్లో మనిషి కంటికి నీలమూ కనపడదు, ఇటుక రంగూ కనపడదు, రంగులే సరిగా తెలియవు. నీలం వెన్నెల బొమ్మల్లో, సినిమాల్లో అలవాటైన వేషం. ఆ పెద్దాయన ఏ రాత్రీ నీలం పిట్టను చూసి ఉండడు.

ఇంకోటి, సైజు. పిట్ట కాగితం నిండా ఉంది. పక్కన ఉన్న పొద ఏదో ఒక పొద. 'అదేం చెట్టు?' అని ఆయన అడిగితే నేను చెప్పలేకపోయాను. కలివి పొదను బట్టే ఆ పేరొచ్చిన పిట్టకు, కలివి కాని పొద గీసి పెట్టాను.

రెండో బొమ్మ: తప్పు రెండోవైపు

ఒకవైపు దెబ్బ తింటే మనిషి రెండోవైపు పరిగెడతాడు. ఈసారి తెల్లటి నేపథ్యం మీద, పక్క నుంచి చూసినట్టు, పక్షుల గైడ్లలో ఉండే తరహా బొమ్మ వేశాను. కంటెలు, పాపిడి గీత, ముక్కు, అన్నిటికీ బాణం గుర్తులు. ప్రింటు చక్కగా వచ్చింది. సంస్థలో పక్షుల గురించి తెలిసినవాళ్ళు 'ఇది కరెక్ట్' అన్నారు. నిజమే, తప్పులేమీ లేవు.

రెండు నెలల్లో 'చూశాం' అంటూ ఫోన్లు మొదలయ్యాయి. అన్నీ పగటిపూటవే. వేరుశనగ పొలంలో, చెరువు గట్టున, దున్నిన చేలో. సంస్థ మనిషి బండి వేసుకుని వెళ్తే, కొన్నిచోట్ల తీతువు, కొన్నిచోట్ల ఇండియన్ కోర్సర్, ఒకచోట పూరేడు పిట్ట. పాపం వాళ్ళ తప్పేముంది? పట్టపగలు నిలబడ్డ పిట్టను చూపించాం, వాళ్ళు పట్టపగలు వెతికారు. బొమ్మలో ప్రతి ఈకా సరిగ్గా ఉంది. చూసే సందర్భం ఒక్కటే తప్పు.

నేను పట్టు వదలకుండా 'రాత్రి మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాద్దామన్నాను. సంస్థ మనిషి అడిగాడు: 'అన్నా, టీ అంగట్లో ఎంతమంది చదువుతారు?' సమాధానం నాకూ తెలుసు.

కలిసొచ్చింది ఎక్కడ

మూడోసారి టాబ్లెట్ ముట్టుకోకముందు ఆ పెద్దాయన దగ్గరికి ఒక్కడినే వెళ్ళాను. ఆయన నిజంగా కలివికోడినే చూశాడా అన్నది ముందు తేల్చుకోవాలి. జ్ఞాపకం మీద బొమ్మ కట్టడం ప్రమాదం, అందులోనూ నాకు నచ్చిన జ్ఞాపకమైతే ఇంకా. ఆరు కార్డులు పట్టుకెళ్ళాను, పేర్లు లేకుండా: తీతువు, ఇండియన్ కోర్సర్, స్టోన్ కర్లూ, నైట్‌జార్ (ఈ రెండూ రాత్రి తిరిగే పిట్టలే), పూరేడు, కలివికోడి. అన్నీ ఒకే సైజు, ఒకే భంగిమ. కార్డుల పేర్లు నా మొహంలో కనపడకుండా అంగడి కుర్రాడి చేత చూపించాను. ఆయన నాలుగు పక్కన పెట్టి, స్టోన్ కర్లూ, కలివికోడి చేతిలో ఉంచుకుని చాలాసేపు ఆలోచించాడు. 'ఇది పెద్దది, అరిచి సంపుతాది' అని స్టోన్ కర్లూని పక్కన పెట్టేశాడు. రుజువు కాదు. కానీ వినదగ్గ సాక్షే.

'ఎట్ట కనపడింది పెద్దాయనా?' అని అడిగాను, 'ఎట్టుంటాది?' అని అడగలేదు. ఈ చిన్న తేడాతోనే దారి దొరికింది.

'మేక తప్పిపోతే బ్యాటరీ లైటేసుకుని పోయినా. ముందర కళ్ళు మెరిసినాయి. తర్వాత గొంతు కాడ తెల్ల గీతలు. కదల్లేదు. నేను కదిలితే నాలుగడుగులేసి పొదలోకి పాయె.' చెయ్యి నేల నుంచి ఒక జానెడు పైకి పెట్టి చూపించాడు.

ఈ నాలుగు ముక్కల్లో నా బొమ్మ మొత్తం ఉంది. వెలుతురు వెన్నెల కాదు, టార్చి. అది పై నుంచి పడదు, చూసేవాడి చేతిలోంచి పోతుంది. అందుకే పిట్ట ముందుభాగమంతా వెలుగు, నీడ దాని వెనక. గుర్తులు ఒకేసారి కనపడవు, వరసగా కనపడతాయి: కన్ను, కంటెలు, కదలిక. చూసేవాడు నిలబడి ఉన్నాడు. నేను రెండుసార్లూ పిట్ట కంటి ఎత్తులో కూర్చుని గీశాను, ఎందుకంటే ఫొటోలు అలా ఉన్నాయి. నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి దాన్ని సుమారు 20 డిగ్రీలు కిందికి చూస్తాడు. అప్పుడు పాపిడి గీత బాగా తెలుస్తుంది, కాళ్ళు పొట్టిగా కనపడతాయి, చుట్టూ ఆకాశం కాదు నేల ఉంటుంది.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. టార్చి రంగేది? పెద్దాయన చూసింది పాత బల్బు టార్చి వెలుగులో, అది పసుపు. ఇప్పటి కుర్రాళ్ళ చేతుల్లో ఉన్నది ఫోన్ లైటు, ఎల్‌ఈడీ టార్చి, అది తెలుపు, కొన్నిట్లో నీలం ఛాయ కూడా. అదే పిట్ట ఆయనకు బెల్లం రంగు, వాళ్ళకు బూడిద రంగు. పోస్టర్ ఎవరికోసం? ఇకముందు చూడబోయేవాళ్ళ కోసం. కాబట్టి తెల్ల వెలుతురునే తీసుకున్నాను, ఇటుక రంగు మచ్చను మాత్రం ఉండాల్సినదానికంటే ఒక పిసరు గట్టిగా వేశాను. అది అబద్ధమే, తెలిసే ఆడాను. ఫ్లెక్స్ ఎలాగూ ఎరుపును కొంత తింటుంది.

ఈసారి రంగులతో మొదలుపెట్టలేదు. నలుపు, తెలుపు, మధ్యలో ఒక బూడిద, మూడే ఛాయలతో అరచేతంత బొమ్మలు ఇరవై గీశాను. ఒక్కోదాన్ని ఫోన్లో పెట్టి మూడు లెక్కపెట్టేలోగా చూపించి తీసేసేవాణ్ణి, మా ఇంట్లోవాళ్ళకి, మెట్లు ఎక్కొచ్చిన కొరియర్ కుర్రాడికి. 'ఏం కనపడింది?' అంటే 'మెడలో గొలుసులేసుకున్న పిట్ట' అన్నది మా అత్తయ్య. ఆ బొమ్మను ఖాయం చేశాను.

ప్రింటు విషయంలో అదే షాపుకి వెళ్ళి, చీకటి నుంచి వెలుగుకి పన్నెండు గడులున్న ఒక పట్టీ వేయించాను. వంద రూపాయలతో అయిపోయిన పని, మొదటే చేసి ఉండాల్సింది. కింది నాలుగు గడులు కలిసిపోయాయి. అంటే ఆ మెషిన్‌కు నా చీకటి ఐదో గడి దగ్గర మొదలవ్వాలి. చుట్టూ చీకటిని అచ్చ నలుపుతో కాకుండా ముదురు గోధుమతో నింపి, పిట్టలో ఎంత ముదురు భాగమైనా దానికంటే రెండు గడులు పైనే ఉండేలా చూసుకున్నాను.

పొద ఈసారి కలివే. ఒక కొమ్మ తెచ్చి టేబుల్ మీద పెట్టుకుని గీశాను: ఎదురెదురుగా చిన్న నున్నటి ఆకులు, జంట ముళ్ళు. ఆ ఆకు సైజు ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు, కాబట్టి పిట్ట సైజు వేరే చెప్పక్కర్లేదు. నేల మీద గులకరాళ్ళు, రెండు మేక పెంటికలు కూడా వేశాను. పెంటికలు చూసి సంస్థలో ఒకాయన ముఖం చిట్లించాడు. ఊళ్ళో ముందు నవ్వింది వాటికే, నవ్వినవాళ్ళు ఆగి చూశారు.

వద్దన్నవి

మొదటి బొమ్మలో కొండల వరసను ఫొటో చూసి ఉన్నదున్నట్టు గీశాను. ఆ ప్రాంతం తెలిసినవాడెవడైనా ఆ శిఖరాలు చూసి ఎక్కడ నిలబడాలో చెప్పేయగలడు. ఇలాంటి పిట్టకు అది మంచిది కాదు. మూడో బొమ్మలో ఆకాశమే లేదు కాబట్టి ఆ బాధా పోయింది. ఫైల్లో ఉండిపోయే లొకేషన్ సమాచారం కూడా తుడిచేశాను.

పోస్టర్ కింద 'ఆచూకీ చెప్పినవారికి బహుమతి' అని సంస్థ రాయించబోయింది. అక్కడ గట్టిగా అడ్డుపడ్డాను. డబ్బు అనగానే ఎవరో ఒకరు చేతిలో పట్టుకొస్తారు. 1986లో పట్టిన పిట్ట ఏమైందో ముందే చెప్పాను. రెండు రోజుల వాదన తర్వాత ఆ చోట 'పట్టుకోవద్దు, తరమొద్దు, ఫోన్ చేయండి' అని వచ్చింది.

క్యూఆర్ కోడ్ పెట్టి కూత వినిపిద్దామన్న ఆలోచన మొదట నాదే. ఈ పిట్టను కంటికంటే చెవితో కనుక్కోవడమే సులువు, పొద్దు గూకిన కాసేపటికి రెండు మాత్రల కూత, ట్విక్-టూ, ట్విక్-టూ అని వరసగా. కానీ ఆ కోడ్ ఫోన్లోకి వెళ్ళాక అడవిలో ఎన్నిసార్లు మోగుతుందో మన చేతిలో ఉండదు. పిట్ట తన హద్దులోకి ఇంకోటి వచ్చిందనుకుని బెదురుతుంది. అది మానేసి, సంస్థ మనిషే స్కూల్లో కూర్చోబెట్టి వినిపించేట్టు మాట్లాడుకున్నాం.

ఏమైంది

కొత్త పోస్టర్ నెలరోజులు ఉన్నాక, మళ్ళీ ఆరు కార్డుల పరీక్ష. రాత్రిళ్ళు అడవి అంచుకు వెళ్ళే 12 మందిలో 9 మంది సరైన కార్డు తీశారు. రెండో బొమ్మ తర్వాత ఇదే పరీక్ష పెట్టినప్పుడు నలుగురే తీశారు. ఇంత తక్కువమందితో గొప్పలు చెప్పుకోలేం, పైగా వాళ్ళలో కొందరు రెండుసార్లూ ఉన్నారు. పగటి ఫోన్లు మాత్రం దాదాపు ఆగిపోయాయి. పిట్టను చూశామని నమ్మదగ్గ కబురు మాత్రం ఒక్కటీ రాలేదు.

మళ్ళీ ఇలాంటి పని వస్తే ప్రింటు పట్టీ మొదటి రోజే వేయిస్తాను, సాక్షిని మొదటి వారంలోనే కలుస్తాను. మొదటి బొమ్మ మీద పెట్టిన మూడు వారాలకు డబ్బులు తీసుకోలేదు. దాన్ని ఇప్పటికీ నా పోర్ట్‌ఫోలియోలో పెట్టలేదు, అడిగినవాళ్ళు ఉన్నా.

దశాబ్దానికి పైగా గట్టి ఆధారమేదీ లేని ఆ పిట్ట కూత 2025 ఆగస్టులో కడప జిల్లాలోనే మళ్ళీ రికార్డయింది. ఆ వార్త వచ్చిన సాయంత్రం సంస్థ మనిషి ఫోన్ చేసి, ఇంకో వంద కాపీలు వేయిస్తున్నాం, ఫైల్లో లేయర్లన్నీ ఒక్కటిగా మెర్జ్ చేసి పంపమన్నాడు. ప్రింటుకి కావలసిన కాపీ పంపాను. నా దగ్గరున్న ఫైల్లో 'కాళ్ళు అనుమానం', 'కన్ను అనుమానం' ఇంకా విడిగానే ఉన్నాయి. మంచి ఫొటో ఒకటి వస్తే ఆ రెండూ ఐదు నిమిషాల పని.